సాగర్ సద్ది కోసం ఆలుగడ్డ సలాడ్: పాలు, గుడ్డు లేకుండా, మే ఎండలో (ప్రాజెక్టు డైరీ)

పని ఇది. మే చివరి ఆదివారం అక్కా వాళ్లు హైదరాబాద్ నుంచి వస్తారు. నల్లగొండ నుంచి అందరం కలిసి నాగార్జునసాగర్ పోతాం. తొమ్మిది మందిమి. మధ్యాహ్నం ఒకటిన్నరకు చెట్టు కింద తినాలి. మేనల్లుడికి పాలు, పెరుగు, గుడ్డు పడవు, తిన్న పది నిమిషాలకే ఒళ్లంతా దద్దుర్లు. పోయినసారి పులిహోర తిని సరిపెట్టుకున్నాడు. ఈసారి ఆలుగడ్డ సలాడ్ అడిగాడు. అక్క కొనే వీగన్ (గుడ్డు, పాలు లేని) మయొనీస్ సీసా ఖరీదు చూసి, ఇంట్లోనే చేద్దామని మూడు వారాల ముందు మొదలుపెట్టాను.

గుడ్డు తీసేస్తే సరిపోతుంది, మిగతాదంతా మామూలే అనుకున్నా. అదే తప్పు. మూడు వారాల్లో ఎక్కువ టైం తిన్నది గుడ్డు కాదు, ఆలుగడ్డ.

పల్లీలు, సోయా పిల్లాడికి పడతాయా అని అక్కను రెండుసార్లు అడిగి, డాక్టర్ చేయించిన పరీక్ష కాగితం ఫోటో తెప్పించుకున్నాకే వాటిని వాడాను. మీరు చేసేది ఇంకొకరి పిల్లల కోసమైతే ఈ మెట్టు దాటెయ్యొద్దు.

సామాను

గ్రాముల కాటా. ముల్లు గుచ్చే డిజిటల్ థర్మామీటరు (ల్యాబులో ఉండే పాదరసం గొట్టాన్ని తిండిలో పెట్టొద్దు, పగిలితే అంతే సంగతులు). నేను చెప్పేది ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ కాబట్టి పీహెచ్ కాగితాలు ఉన్నాయి (పులుపా, క్షారమా రంగుతో చెప్పేవి: 7కు కింద పులుపు, పైన క్షారం). స్టీలు జల్లి, స్టీలు గిన్నెలు. నిమ్మరసం పడే పనికి అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు లోహాన్ని తింటుంది.

మొదటి దశ: ముక్క నిలబడాలి

ప్రతిసారీ అర కిలో ఆలుగడ్డ, లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ముక్క 2.5 సెంటీమీటర్లు. ఉడికాక జల్లిలో వంచి, కింద పడిన ముద్దను, జల్లిలో చిట్లిన పొడిని కలిపి తూచాను. దాన్ని "చూర" అని రాసుకున్నా. చూర ఎంత తక్కువైతే ముక్క అంత బాగున్నట్టు.

ప్రయత్నం 1. కుక్కర్, మూడు విజిల్స్. తూచడానికి ఏమీ మిగల్లేదు. అమ్మ దానికి పోపు వేసి రాత్రి చపాతీల్లోకి పెట్టింది.

ప్రయత్నం 2. మరుగుతున్న నీళ్లలో ముక్కలు వేశా. చూర 95 గ్రా. పైన కరిగింది, నడుమ పచ్చి. నీళ్లు మరుగుతున్నప్పుడు పడేస్తే బయట ఉడికి చెదిరిపోయే టైంకు వేడి లోపలికి చేరదు.

ప్రయత్నం 3. చల్ల నీళ్లలోనే వేసి పొయ్యి వెలిగించా. మరగడం మొదలయ్యాక మంట తగ్గించి 11 నిమిషాలు. చూర 60 గ్రా. లోపలా బయటా ఒకేలా ఉడికింది. నయం, కానీ అంచులు ఇంకా గుండ్రంగా అరిగిపోయాయి.

ప్రయత్నం 4. ఆ రోజు నల్లా రాలేదు. బోరు నీళ్లు పట్టి పెట్టేశా. చూర 110 గ్రా! అన్నీ ప్రయత్నం 3లో లాగే చేశా, మారింది నీళ్లొక్కటే. కాగితం ముంచి చూస్తే బోరు నీళ్లు 8 దగ్గర రంగు చూపించాయి, నల్లా నీళ్లు 7. ముక్కను పట్టి ఉంచేది కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్. క్షారం తగిలితే అది తొందరగా కరుగుతుంది, పులుపు తగిలితే నిదానంగా. తినేసోడా వేస్తే పప్పు మెత్తబడేది కూడా అందుకే.

అమ్మ చూసి ఒకటే తిట్లు. "బోరు నీళ్లతోని వండుతవా? మీ తాత మోకాళ్లు చూసినోనివి కాదా నువ్వు?" నిజమే. మన జిల్లా నీళ్లలో ఎముకలను, కీళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ సంగతి చెప్పాల్సిన పని లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా "నల్లగొండ టెక్నిక్" అని మన ఊరి పేరే పెట్టారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ ముక్కలు పారేశాను. ఇంట్లో కృష్ణా నీళ్లు వస్తుండగా ఈ ప్రయోగం చేయాల్సింది కాదు, మీరు చేయొద్దు.

కానీ దాని వల్లే దారి దొరికింది. క్షారం చెడగొడితే పులుపు బాగుచేయాలి కదా.

ప్రయత్నం 5. నల్లా నీళ్లు లీటరుకు 30 మి.లీ. నిమ్మరసం. 25 నిమిషాలైనా ముక్క కరకరమంటోంది. పంటికి పచ్చి జామకాయలా తగిలింది. చూర మాత్రం 8 గ్రా. కత్తితో గుచ్చితే దిగుతుంది, నమిలితే మెత్తగా లేదు. ఎక్కువైంది.

ప్రయత్నం 6. లీటరుకు 15 మి.లీ., అంటే మన నకిరేకల్ వైపు నిమ్మకాయ మంచిదైతే ఒకటి. మరిగాక 16 నిమిషాలు. చూర 20 గ్రా. అంచులు కత్తితో కోసినట్టే ఉన్నాయి, లోపల మెత్తగా ఉంది. ఇదే ఖాయం చేశా. పులుపు లేకుండా చేసినదాని కంటే ఐదు నిమిషాలు ఎక్కువ ఉడకాలి, అది గుర్తుంచుకోండి. వెనిగర్ కూడా ఇదే కొలతకు పనిచేస్తుంది. మా జిల్లాలో ఉండి నిమ్మకాయ పక్కన పెట్టి సీసా కొనాలనిపించలేదు.

ఉప్పు నీళ్ల పరీక్ష (ఇది తప్పక చేయండి)

రెండు రోజుల తర్వాత అదే కొలత, అదే టైం, అదే గిన్నె. చూర 70 గ్రా.! మొదట కాటా మీద అనుమానం వచ్చింది. అసలు విషయం గడ్డలో ఉంది. మన బజార్లో "ఆగ్రా ఆలు" అని ఒకటే పేరుతో అమ్ముతారు, సంచిలో రకాలు కలిసే ఉంటాయి. పిండి ఎక్కువున్న గడ్డ ఉడికితే పొడిపొడిగా విచ్చుకుంటుంది. పిండి తక్కువున్నది మైనంలా గట్టిగా నిలబడుతుంది. బొండాకు మొదటిది, సలాడ్‌కు రెండోది.

పైనుంచి చూసి చెప్పడం నా వల్ల కాలేదు. కూరగాయల ఆమె "తోలు పల్చగున్నవి తీస్కపో సారూ" అంది. సగం సార్లు నిజమైంది. ఉప్పు నీళ్లు మాత్రం తప్పు చెప్పలేదు.

1. లీటరు నీళ్లలో 110 గ్రాముల ఉప్పు పూర్తిగా కరగనివ్వాలి.
2. గడ్డలు కడిగి, తోలుతోనే ఒక్కొక్కటి వేయాలి.
3. మునిగినవి పిండివి. తేలినవి సలాడ్‌వి.
4. నడుమ ఊగేవాటిని కూరకు పంపాలి.

కిలోకు నాకు వచ్చినవి 11 గడ్డలు. 5 తేలాయి, 6 మునిగాయి. రెండింటినీ వేరువేరు గిన్నెల్లో ప్రయత్నం 6 కొలతతో ఉడికించా. తేలినవాటి చూర అర కిలోకు 14 గ్రా., మునిగినవాటిది 85. అంటే నిమ్మరసం కంటే ముందు చూడాల్సింది ఇదే. ఈ పరీక్ష మొదటి రోజే చేసుంటే రెండు కిలోలు మిగిలేవి.

ఉప్పు నీళ్లు పారబోయకండి. సీసాలో పోసి పెట్టి చివరిదాకా అవే వాడుకున్నా. పచ్చరంగు తిరిగిన గడ్డలు, మొలకొచ్చినవి ఏ గుంపులోనూ వద్దు, వాటిలో సొలనిన్ అనే విషం ఉంటుంది, ఉడికించినా పోదు. కొన్ని గడ్డలు తియ్యగా కూడా తగిలాయి. కోల్డ్ స్టోరేజీలో మరీ చల్లగా ఉంటే లోపలి పిండి కొంత చక్కెరగా మారుతుంది. అందుకే ఇంట్లో కూడా ఫ్రిజ్‌లో కాకుండా బయట గంపలోనే పెట్టా.

లెక్క: ఆలుగడ్డ 4 కిలోలు (120 రూ.), నిమ్మకాయలు 5 (30 రూ.), ఉప్పు 25 రూ. మొత్తం 175 రూ.

రెండో దశ: పైన పట్టేది

*సోయా పాల మయొనీస్*

మొదటి ప్యాకెట్ తెచ్చి విప్పితే వెనిలా వాసన. చక్కెర కలిపిన సోయా పాలు. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంది, చూసుకోలేదు. 130 రూపాయలు. అక్క కొడుకు వచ్చాక తాగుతాడని ఫ్రిజ్‌లో పెట్టా.

రెండోసారి చక్కెర లేనిది. పాలు 100 మి.లీ., నూనె 200 మి.లీ., ఆవపిండి అర చెంచా, ఉప్పు. మిక్సీ పెద్ద జారులో వేస్తే బ్లేడు అందలేదు, పైన నూనె, కింద పాలు. చట్నీ జారులో వేస్తే నిమిషానికి చిక్కబడ్డట్టే అయ్యి, జారు వేడెక్కి మయొనీస్ విరిగిపోయింది. పక్కింటి అత్తమ్మ దగ్గర కర్రలాంటి చేతి బ్లెండర్ ఉంటే అడిగి తెచ్చా. పొడుగు గ్లాసులో అన్నీ ఒకేసారి పోసి, బ్లెండర్‌ను అడుగుకు ఆనించి కదపకుండా 20 సెకన్లు, తర్వాత నిదానంగా పైకి లాగితే 40 సెకన్లకు వెన్నలా అయింది. నిమ్మరసం 15 మి.లీ. చివర్లో. నూనె, నీళ్లు విడిపోకుండా గుడ్డులోని లెసిథిన్ చేసే పనిని ఇక్కడ సోయా పాలలోని ప్రొటీను, లెసిథిన్ చేస్తాయి. ఆవపిండి జిగురు కూడా సాయం పడుతుంది.

నూనె గురించి ఒక మాట. మొదట కట్టెగానుగ పల్లి నూనె పోశా, అభిమానంతో. ఒక్క చెంచా నాలుక మీద పెడితే పల్లీలు తప్ప ఇంకేమీ తెలియలేదు. 200 మి.లీ. వృథా. తర్వాత సన్‌ఫ్లవర్.

గుడ్డు వాసన కోసం నల్ల ఉప్పు చిటికెడు వేయమని ఎక్కడో విన్నా, ఆ గంధకం వాసన సరిగ్గా అలాగే ఉంటుంది కూడా. ఫోన్లో అక్కకు చెబితే నవ్వింది. "పుట్టి బుద్ధెరిగి గుడ్డు తినని పిల్లగానికి గుడ్డు వాసన ఎందుకురా?" మానేశా. కాబూలీ శనగలు ఉడికిన నీళ్లతో కూడా ఒకసారి చూశా. పలచగా ఉన్నాయి, సగానికి మరిగించాలి. ఆ గ్యాసుకు, ఆ ఉక్కకు ఓపిక లేక అక్కడే వదిలేశా.

మయొనీస్ వచ్చింది కదా అని సంబరపడ్డది ఒక పూటే. పుస్తకాల్లో "ఆలుగడ్డ గది ఉష్ణోగ్రతకు వచ్చాక కలపండి" అని ఉంటుంది. ఆ రోజు మా వంటింటి గది ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. వేడి ముక్కలు 250 గ్రాములకు కలిపితే వెంటనే నూనె తేలింది. ఇంకో 250 గ్రాములు ఫ్రిజ్‌లో చల్లబరిచి కలిపి, మూత పెట్టి వరండాలో నీడలో ఉంచా. నాలుగు గంటలకు గిన్నె వంచితే రెండు చెంచాల నూనె పారింది. పైగా తెల్లగా, గట్టిగా, ఏదో ఫంక్షన్ హాల్లో ఎవరూ ముట్టని గిన్నెలా కనిపించింది. సాగర్‌కు ఇది రాదు. ఇంట్లో చల్లగా తినేవాళ్లకు పై కొలత పనికొస్తుంది, నాకు పనికిరాలేదు.

*పల్లీల ముద్ద*

వేయించి పొట్టు తీసిన పల్లీలు 60 గ్రా., నిమ్మరసం 15 మి.లీ., ఎల్లిగడ్డ రెండు రెబ్బలు, నీళ్లు 80 మి.లీ. మెత్తగా రుబ్బి అర కిలో ముక్కలకు పట్టించా. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని "ఇది ఇడ్లీ చట్నీల ఆలుగడ్డ" అంది. వాదించడానికేమీ లేదు. గంట తర్వాత ముక్కలు నీళ్లు పీల్చుకుని అంతా గట్టి ముద్ద అయింది. అయినా నూనె తేలలేదు, విరగలేదు. ఆ గుణం నచ్చింది.

*వేడి రసం పద్ధతి*

మయొనీస్ లేని ఆలుగడ్డ సలాడ్ కొత్తేమీ కాదు. జర్మనీ ఉత్తరాన మయొనీస్ కలుపుతారు గానీ దక్షిణాన ష్వాబియాలో వేడి వేడి ముక్కల మీద వేడి మాంసం రసం, వెనిగర్, ఆవముద్ద పోసి, చివర్లో నూనె కలుపుతారు. మాంసం బదులు కూరగాయల రసం పోస్తే అందులో పాలూ లేవు, గుడ్డూ లేదు. తీసేయాల్సిందే లేనప్పుడు దాని బదులు ఇంకోటి వెతుక్కునే బాధ కూడా లేదు. రెండు వారాలు మయొనీస్ వెంట పడకుండా ముందే ఇటు వచ్చుండాల్సింది.

రసం: ఉల్లిగడ్డ ఒకటి, క్యారెట్ ఒకటి, క్యాబేజీ మొదలు, కొత్తిమీర కాడలు, మిరియాలు పది, నీళ్లు అర లీటరు. 25 నిమిషాలు మరిగించి వడగడితే 300 మి.లీ.

అర కిలో వేడి ముక్కల మీద 75 మి.లీ. వేడి రసం పోసి కదిపా. ఐదు నిమిషాల్లో గిన్నె అడుగు పొడి. మొత్తం తాగేసింది. తర్వాత నిమ్మరసం 15 మి.లీ., ఆవముద్ద, నూనె 15 మి.లీ. ముక్కల అంచుల నుంచి వచ్చిన కొద్దిపాటి పిండి ఆ రసంతో కలిసి పైన పల్చటి మెరుగులా పట్టింది. అదే మీగడలా అనిపిస్తుంది. అదే పని చల్లారిన ముక్కలతో చేస్తే అరగంటకు కూడా 75లో 40 మి.లీ. అడుగునే ఉంది. వేడిమీద పోయాల్సిందే.

ఆవపిండితో రెండుసార్లు దెబ్బతిన్నా. మొదటిసారి పొడిని నేరుగా వేడి ముక్కల మీద చల్లితే ఘాటు లేదు, చేదు మాత్రం ఉంది. రెండోసారి నిమ్మరసంలో కలిపి వేస్తే అంతే. ఆవాల ఘాటు పొడిలో ఉండదు. చల్లని నీళ్లు తగిలాక లోపలి ఎంజైమ్ దాన్ని పుట్టిస్తుంది. వేడి ఆ ఎంజైమ్‌ను చంపుతుంది, పులుపు దాని పనిని అడ్డుకుంటుంది. కాబట్టి చల్లని నీళ్లలో తడిపి పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత నిమ్మరసం. మూడోసారి ముక్కు అదిరింది.

పల్లీలను పారేయలేదు. కచ్చాపచ్చాగా దంచి చివర్లో వేశా. ముద్దలా నీళ్లు పీల్చవు, పంటికి తగులుతాయి. సన్‌ఫ్లవర్ పక్కన పెట్టి మళ్లీ కట్టెగానుగ నూనెకే వచ్చా. 200 మి.లీ. పోస్తే మింగేసిన వాసన 15 మి.లీ. పోస్తే ఇంపుగా ఉంది.

లెక్క: ఈ దశలో సోయా పాలు 2 ప్యాకెట్లు 260, నూనెలు 330, పల్లీలు 40, ఆలుగడ్డ ఒకటిన్నర కిలో 45, నిమ్మకాయలు 6కు 36, రసం కూరగాయలు 30. కలిపి 741. ఇప్పటిదాకా 916 రూ., ఆలుగడ్డ 5.5 కిలోలు, నిమ్మకాయలు 11.

మూడో దశ: ఎండ

"మయొనీస్ లేదు కదా, పాడవదు" అని అక్క అంది. చాలామంది ఇలాగే అనుకుంటారు. నిజానికి సలాడ్‌లో తొందరగా పాడయ్యేది ఉడికిన ఆలుగడ్డే. తేమ ఉంది, పిండి ఉంది, పులుపు లేదు. సూక్ష్మజీవులకు అదే పెళ్లి భోజనం. మరి నిమ్మరసం కాపాడదా? కాగితం పెట్టి చూశా. ముక్క పైన 4.5. అదే ముక్కను నలిపి నడుమ పెడితే 5.5. 4.6 కంటే తక్కువుంటేనే పులుపును కొంతైనా నమ్ముకోవచ్చు. లోపల లేదు. కాబట్టి చల్లదనం తప్ప దారి లేదు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఒకటుంది: ఇలాంటి తిండి 4 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకు మించి ఉండకూడదు, బయట 32 డిగ్రీలు దాటితే గంటే. నల్లగొండ మే నెలలో 32 అంటే తెల్లవారుజాము. అంటే మనకు ఉన్నది గంటే.

రెండు కిలోలు పూర్తి కొలతతో చేసి, సగం లోతైన స్టీలు డబ్బాలో, సగం వెడల్పు తాంబాళంలో రెండు సెంటీమీటర్ల మందాన పరిచా. రెండూ ఫ్యాన్ కింద అరగంట, తర్వాత ఫ్రిజ్.

తాంబాళం: గంటా 40 నిమిషాలకు 9 డిగ్రీలు.
లోతు డబ్బా: అప్పటికి నడుమ 31. నాలుగు గంటలకు 19.

ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, డబ్బా నడుమ మాత్రం వెచ్చగానే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయి నలభై నిమిషాలు రాలేదు, ఆ టెన్షన్‌లో తలుపు తీసి చూడాలనిపించింది. తీయొద్దు. తాంబాళం పట్టాలంటే ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయాలి. అమ్మతో అది వేరే పంచాయితీ.

మరుసటి రోజు అవే రెండు సగాలను 6 డిగ్రీలకు వచ్చాక క్యారియర్‌లలో సర్ది, డాబా మీద ట్యాంకు నీడలో పెట్టా. నీడలోనే 41 డిగ్రీలు.

గుడ్డ సంచిలో ఉన్నది: గంటకు 21, రెండు గంటలకు 29, మూడు గంటలకు 34.
థర్మాకోల్ పెట్టెలో, అడుగున రెండు లీటరు సీసాల ఐసు, పైన క్యారియర్: మూడు గంటలకు పై గిన్నెలో 14.

రెండోది కూడా చాలదు. చల్లగాలి కిందికి దిగుతుంది కదా, నేను ఐసును అడుగున పెట్టా. తిప్పి, క్యారియర్ అడుగున, సీసాలు పైన పెట్టి, సందుల్లో తడి తువ్వాలు కుక్కి మళ్లీ చూశా. మూడు గంటలకు 8, ఐదు గంటలకు 11. మాకు కావాల్సింది నాలుగు గంటలు. ఆ 4 డిగ్రీల లెక్కకు ఇదీ పైనే, అందుకే మూడో సీసా కూడా పెట్టాలని రాసుకున్నా. పెట్టెను మందుల షాపు అతను ఊరికే ఇచ్చాడు, వాళ్లకు ఇంజెక్షన్లు వాటిలోనే వస్తాయట.

పరీక్షకు ఎండలో పెట్టినవి తినలేదు.

ఇంకో రెండు పాఠాలు. ఒకటి, చల్లారాక ఆలుగడ్డలోని పిండి మళ్లీ బిగుసుకుంటుంది, ముక్క పొడిబారినట్టుంటుంది, ఉప్పు కూడా నాలుకకు తక్కువ తెలుస్తుంది. వేడిమీద సరిపోయిందనిపించిన ఉప్పు చల్లగా చప్పగా ఉంది. కిలోకు 3 గ్రాములు పెంచా. రెండు, కీరకాయ. 200 గ్రాముల ముక్కలకు ఉప్పు రాసి 20 నిమిషాలు జల్లిలో పెడితే 45 మి.లీ. నీళ్లు దిగాయి. అలా చేయకపోతే ఆ నీళ్లన్నీ సలాడ్‌లోకే.

లెక్క: ఆలుగడ్డ 2 కిలోలు 60, నిమ్మకాయలు 7కు 42. ఇప్పటిదాకా 1018 రూ., ఆలుగడ్డ 7.5 కిలోలు, నిమ్మకాయలు 18.

నాలుగో దశ: ఖాయం చేసిన కొలత (తొమ్మిది మందికి, ముందు రోజు రాత్రి)

1. ఉప్పు నీళ్లలో తేలిన గడ్డలు 2 కిలోలు. తోలు తీసి 2.5 సెం.మీ. ముక్కలు.
2. స్టీలు గిన్నెలో చల్ల నీళ్లు 3 లీటర్లు, ఉప్పు 30 గ్రా., నిమ్మరసం 45 మి.లీ. ముక్కలు వేసి వెలిగించాలి. మరిగాక చిన్న మంట, 16 నిమిషాలు.
3. ఆలోగా ఆవపిండి రెండు చెంచాలు 30 మి.లీ. చల్లని నీళ్లలో తడిపి పది నిమిషాలు.
4. ముక్కలు వంచి, అదే గిన్నెలో వేసి రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వాలి. కూరగాయల రసం 300 మి.లీ. వేడిగా పోసి, గరిటె పెట్టకుండా గిన్నెను ఊపాలి.
5. రసం ఇంకాక నిమ్మరసం 60 మి.లీ., ఆవముద్ద, ఉప్పు 6 గ్రా., మిరియాల పొడి ఒక చెంచా, పల్లి నూనె 60 మి.లీ.
6. తాంబాళంలో పరిచి ఫ్యాన్ కింద అరగంట, తర్వాత ఫ్రిజ్.
7. పొద్దున: ఉప్పు పిండిన కీరకాయ 300 గ్రా., ఉల్లిగడ్డ సన్నగా 150 గ్రా., పచ్చి మామిడికాయ చిన్న ముక్కలు 100 గ్రా., పచ్చిమిర్చి రెండు. బయటి దేశాల్లో ఊరబెట్టిన దోసకాయ వేసే చోట మన మామిడికాయ.
8. దంచిన పల్లీలు 80 గ్రా., కొత్తిమీర వేరే డబ్బాల్లో. వడ్డించేటప్పుడే కలపాలి. పులుపులో రాత్రంతా ఉన్న కొత్తిమీర నల్లబడింది, పల్లీలు మెత్తబడ్డాయి.

పొద్దున తీసేసరికి నూనె అక్కడక్కడా మబ్బు పట్టినట్టు గట్టిపడి ఉంటుంది. పల్లి నూనె చల్లదనానికి అంతే. పళ్లెంలో పడ్డ ఐదు నిమిషాలకు కరుగుతుంది.

సాగర్ రోజు

పొద్దున 9:20కి పెట్టె మూశా, సలాడ్ 5 డిగ్రీలు. హాలియాలో చాయ్ కోసం ఆగినప్పుడు మేనల్లుడు పెట్టె తెరవబోతే గద్దించా. పాపం, తర్వాత వెనిలా సోయా పాలు ఇచ్చి బుజ్జగించా. ఆ 130 రూపాయలు అలా పనికొచ్చాయి. హిల్ కాలనీ దగ్గర చెట్టు కింద 1:35కి తెరిస్తే 9 డిగ్రీలు. బయట నీడలో 42.

పులిహోర, సకినాలు, మామిడికాయ తొక్కు పక్కన ఇది. బావ రెండోసారి అడిగాడు. అమ్మ "చల్లగ మంచిగున్నది, గని బువ్వలకు రాదు" అంది. మేనల్లుడు మాత్రం తినేముందు ప్రతిసారీ లాగే "ఇందులో పాలున్నాయా మామా?" అని అడిగాడు. లేవన్నాక "గుడ్డు?" అన్నాడు. అదీ లేదన్నాక తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. మామిడికాయ ముక్కలు మాత్రం ఏరి పక్కన పెట్టాడు.

2:30 అయ్యేసరికి గిన్నెలో 280 గ్రాములు మిగిలింది, అప్పటికి 27 డిగ్రీలు. రాత్రికి తిందామని అక్క మూత పెట్టబోతే వద్దని పారేశా. అమ్మ ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

లెక్క: చివరి రోజు ఆలుగడ్డ 2 కిలోలు 60, నిమ్మకాయలు 7కు 42, కీరకాయ, మామిడికాయ, ఉల్లిగడ్డ 50. మొత్తం 1170 రూ., ఆలుగడ్డ 9.5 కిలోలు, నిమ్మకాయలు 25. చివరి కొలత ఒక్కటే చేస్తే నూనె, పల్లీలు కలుపుకొని 250 రూపాయల్లోపే.

ఇంకా తేలనిది ఉల్లిగడ్డ. మధ్యాహ్నానికి ఘాటెక్కి పెట్టెంతా అదే వాసన. వచ్చే వారం ఒక సగాన్ని చల్ల నీళ్లలో, ఒక సగాన్ని నిమ్మరసంలో పావుగంట నానబెట్టి చూడాలి. అర కిలో తేలే గడ్డలు గంపలో పక్కన పెట్టి ఉంచా.